మడ్‌గార్డు మీది పేరు

నేను జీపు కింద పడుకుని ఆయిల్ మారుస్తున్నాను. చక్రం పక్కన మా తమ్ముడి సైకిల్ ఆగింది. వాడు వంగి చూసి, "అన్నా, జల్దీల లేవకు, తల తగుల్తది" అన్నాడు. తరవాత, "సిస్టరమ్మ పోయింది" అన్నాడు.

లేచాను. తల తగిలింది. చాసీ ఇనుముకు నుదురు చిట్లి కంట్లోకి నెత్తురు కారింది. అప్పుడు నాకు ఏడుపు రాలేదు, మండింది. ఈ నుదుటికి ఇప్పుడు కుట్లు ఎవరేస్తారు? ఈ చుట్టుపక్కల ఏ తల పగిలినా కుట్టింది ఆ ఒక్క మనిషే కదా. ఇంకొకళ్లకు పని నేర్పకుండా, చెప్పాపెట్టకుండా పోతుందా? చేతిలో ఉన్న పానా తీసి గోడకేసి కొట్టాను. తమ్ముడు దాన్ని ఏరుకొచ్చి డబ్బాలో పెట్టాడు.

బీపీతో పోయింది. పొద్దున ప్రార్థన చేసుకుని, పళ్లు తోముకుంటూ నల్లా దగ్గర పడిపోయిందట. మాదాపూర్‌లో ప్రతి ముసలమ్మ చేతికీ పట్టీ చుట్టి, గాలి కొట్టి, "ఉప్పు తిన్నావంటే చంపేస్తాను" అని బెదిరించిన మనిషి తన చేతికి ఆ పట్టీ ఒక్కసారి చుట్టుకోలేదు. గుంటూరు మనిషి, గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగేది కాదు. ఇది చదివేవాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు చాలామందే ఉంటారు. మీరు ఏమైనా అనుకోండి, నాకు ఆమె మీద కోపం ఇంకా తగ్గలేదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడా రాయొద్దని ఆమే అంది. ఎందుకందో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

ఆమె చెయ్యి పడని చెంప మా బస్తీలో లేదు. ఆమె నర్సుగా ఉన్న దవాఖానాలో డ్రైవర్ పని అడగడానికి పోయిన మొదటి రోజే నాకు పడింది. "తాగుతావా?" అని అడిగింది. అబద్ధం ఎందుకని, "అప్పుడప్పుడు" అన్నాను. ఛెళ్లుమంది. చెవిలో గుయ్యిమంటుంటే ఆమె మాట వినపడింది. "జీతం నెలనెలా ఇస్తాను. ఇది అప్పుడప్పుడు ఇస్తాను. ఇష్టమైతే తాళం తీసుకో." తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో అప్పుడు నాకే తెలియదు. మా అమ్మ చచ్చిపోయాక నన్ను కొట్టినవాళ్లు ఎవరూ లేరు, అందుకేమో.

ఒకసారి ఒకడు పెళ్లాం తల పగలగొట్టి, తనే ఎత్తుకుని తీసుకొచ్చాడు. సిస్టరమ్మ కుట్లు వేస్తున్నంతసేపూ వాడి చేతికి బేసిన్ ఇచ్చి నిలబెట్టింది. నెత్తుటి దూది అంతా వాడి చేతులతోనే పట్టించింది. కుట్లు అయ్యాక చేతులు కడుక్కుని, తుడుచుకుని, స్టీలు ట్రే తీసుకుని వాడి నెత్తిన ఒక్కటిచ్చింది. పగిలింది. అదే బల్ల మీద పడుకోబెట్టి, మత్తు మందు వెయ్యకుండా కుట్టింది. వాడు గింజుకుంటుంటే, "ఇదే నొప్పి నాయనా, నువ్వు ఇచ్చింది. దారం కూడా అదే" అంది. వాడి పెళ్లాం అంత నొప్పిలోనూ నవ్వింది.

తిట్టే నోరు, కొట్టే చెయ్యి. అయినా ఆమె గొంతు మెత్తబడేది ఒక్కరి దగ్గరే. అది ఆమె భర్త, మేమందరం సారు అనేవాళ్లం. డాక్టరు. రేకుల షెడ్డులో ఆ దవాఖానా పెట్టింది ఆయనే. ఊళ్లో అందర్నీ ఒరేయ్, ఏమే అనే మనిషి ఆయన్ని మాత్రం అండీ అనకుండా పిలిచేది కాదు. జీపులో ఆమె ముందు సీట్లో కూర్చునేది, మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, బుగ్గన లవంగం పెట్టుకుని. సారు వెనక బెంచీ మీద, కుడి చక్రం పైన కూర్చునేవాడు. రోగిని ఎక్కించేటప్పుడు ఆమె వెనక్కి తిరిగి అనేది, "కాస్త జరగండి, పిల్ల పడుకోవాలి" అని. సారు జరిగేవాడు. ఇంకొకళ్లు ఎక్కేవాళ్లు. "ఇంకాస్త జరగండి." ఆయన పొడుగు మనిషి. మోకాళ్లు గడ్డానికి తగిలేదాకా ముడుచుకుని, మూలకు ఒదిగి, నవ్వుతూ కూర్చునేవాడు. నేను అద్దంలో చూస్తుండేవాణ్ణి.

సారు కుర్చీలోనే పోయాడు. మెడలో స్టెతస్కోపు అట్లాగే ఉంది. నిద్రపోయాడనుకుని, "లేవండి, బయట జనం ఉన్నారు" అని ఆమె భుజం తట్టింది. తరవాత బయటికి వచ్చి, వరసలో ఉన్నవాళ్లతో, "ఇవాళ లేదు, పొండి" అంది. అంతే. కళ్లనీళ్లు మాకు చూపించలేదు. పెయింటర్ని పిలిపించి, జీపు వెనక కుడి మడ్‌గార్డు మీద, చక్రం వంపు వెంబడి తెల్ల అక్షరాలతో సారు పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు, చివర 'జ్ఞాపకార్థం' అని రాయించింది. ఆయన కూర్చునే చోటు కదా. రోజూ పొద్దున తడిగుడ్డతో ఆ అక్షరాలు తనే తుడిచేది. బండి మిగతాదంతా నేను కడగాలి.

మాదాపూర్‌లో ఇప్పుడు ఆ గుండ్రటి పెద్ద బిల్డింగు అద్దాలు చూడ్డానికి జనం వస్తున్నారు. నేను చెప్పేది అది లేస్తున్న రోజుల సంగతి. అప్పుడు ఇక్కడ వినపడిందల్లా పేలుళ్లే. ఎటు చూసినా బండలే కాబట్టి, రోడ్డు వెయ్యాలన్నా పునాది తియ్యాలన్నా బండకు బెజ్జం వేసి మందు కూరాల్సిందే. ఎర్ర గుడ్డ ఊపి, విజిల్ ఊదేవాళ్లు. భూమి గుండె అదిరేది. మా షెడ్డు రేకుల మీద రాళ్లు వడగళ్లలా పడేవి. సిస్టరమ్మ కుట్టు ఆపేది కాదు. "ఊరికే పడున్న బండను గిల్లితే అది కొట్టదూ" అనేది. కొట్టేది. వేళ్లు పోయేవి, కళ్లు పోయేవి, కాళ్లు నుజ్జయ్యేవి. కంకర మిషన్లో పడి ఒకామె కొంగుతో పాటు చెయ్యి పోయింది. ఆ కంకర మీదే ఇవాళ మనం నున్నగా పోతున్నాం. పోయేటప్పుడు ఒకసారి గుర్తుచేసుకోండి, తప్పేం లేదు.

దెబ్బతిన్నవాళ్లను క్వారీ గుంతల్లోంచి రోడ్డు మీదికి తేవడం మా జీపు పని. ఉన్నది చిన్న జిప్సీ. కడుపు నేలకు దగ్గర. దారి అంటే దారి కాదు, పేలిన రాళ్లు మోకాలెత్తున పరుచుకుని ఉండేవి. ప్రతి ట్రిప్పుకూ కింద ఎక్కడో ఒకచోట ఠంగుమని కొట్టుకునేది. ఒకసారి ఆయిల్ చాంబర్ పగిలి, రోగిని మధ్యలో దించి, తలుపు మీద పడుకోబెట్టి మోశాం. ఆ మనిషి దారిలోనే పోయాడు. సిస్టరమ్మ జీపు దగ్గరికి తిరిగొచ్చి దాన్ని కాలితో తన్నింది. బొటనవేలి గోరు ఊడింది. "దీన్ని లేపాలిరా. ఏం చేస్తావో చెయ్యి, ఇది పైకి లేవాలి" అంది.

పైకి లేవాలంటే పెద్ద టైర్లు వెయ్యాలి. మిలిటరీ వేలంలో నాలుగు దొరికాయి. ఎద్దు భుజాల్లా గుబ్బలున్న టైర్లు. అయిదోది దొరకలేదు, స్టెప్నీ పాత చిన్న టైరే. ఎక్కించగానే జీపు బెత్తెడు లేచింది. నేను సంబరపడి స్టీరింగ్ తిప్పానో లేదో, మడ్‌గార్డు అంచు టైరును కరకరా కొరికింది. గుమ్మం పాతదే ఉంచి లావాటి మనిషిని రమ్మన్నట్టయింది. గుమ్మం కొయ్యాలి.

లింగంపల్లిలో డెంటింగ్ పని చేసే ముసలాయన ఉన్నాడు, అందరం చాచా అంటాం. ఆయన జీపు చుట్టూ తిరిగి, టైరు ఎక్కడ తగులుతోందో చూసి, మడ్‌గార్డు మీద సుద్దముక్కతో గీత గీశాడు. సిస్టరమ్మ ఆ గీత చూసి, "ఈ బండి ఖాళీగా ఎప్పుడు పోయిందయ్యా?" అంది. చాచా తల గోక్కున్నాడు. ఆమె షెడ్డులో పనివాళ్లను, టీ కొట్టు ముందు నిలబడ్డవాళ్లను, పక్క ఇంట్లోంచి తొంగిచూసిన ఇద్దరు ఆడవాళ్లను, "ఎక్కండి, ఎక్కండి, చూస్తారేంటి" అని చెయ్యి పట్టి లాగి జీపులోకి తోసింది. పెళ్లివాళ్ల బండిలాగా నిండింది. ఒక చక్రాన్ని బండరాయి మీదికి ఎక్కించమంది. ఎక్కించాను. జీపు ఒక పక్కకు ఒరిగింది. లోపలున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. టైరు మడ్‌గార్డు లోపలికి దూరిపోయింది. చాచా గీసిన గీత టైరు వెనక ఎటో పోయింది.

"అరే, గింత లోపల్కి పోతదా" అన్నాడు చాచా. నాలుగు చక్రాలూ అట్లాగే ఒక్కొక్కటీ రాయి మీదికి ఎక్కించి, స్టీరింగ్ అటు కొసకూ ఇటు కొసకూ తిప్పించి, కొత్త గీత గీశాడు. లోపల ఒకాయన, "అమ్మా, మేం ఇగ దిగొచ్చా" అంటే, "బరువు కోసం ఎక్కించాను, మాట్లాడ్డానికి కాదు" అని కూర్చోబెట్టింది.

ఇగ గ్రైండర్ పెట్టాడు. ఆ అరుపు చెవులను చీల్చింది. నిప్పురవ్వలు ఎగిరి ఆమె చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి, బెజ్జాలు పడ్డాయి, ఆమె జరగలేదు. ముందు రెండూ కోశాడు. వెనక ఎడమది కోశాడు. కోసిన అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి దాన్ని సుత్తితో లోపలికి మడిచి కొట్టాడు. ముక్కలు ఒక్కొక్కటే ఊడి కింద పడుతుంటే ఆమె మొహంలో ఒక సంతోషం. పుండు కోసి చీము తీసినప్పుడు కూడా అట్లాగే ఉండేది ఆమె మొహం. "అడ్డమొస్తే కొయ్యడమేరా. పుండైనా అంతే, రేకైనా అంతే" అంది.

చాచా వెనక కుడి చక్రం దగ్గరికి వచ్చాడు. గ్రైండర్ ఆపేశాడు. సుద్దగీత సరిగ్గా సారు పేరు మధ్యలోంచి పోతోంది.

"గిది గూడ కొయ్యాల్నా అమ్మా?" అన్నాడు. వెంటనే ఆయనే మళ్లీ అన్నాడు. "నాతోని కాదమ్మా. సచ్చిపోయినాయన పేరు మీద నేను మిషన్ పెట్ట. గావాల్నంటే ఇంకో దుకాణంకు తీస్కపో."

నేను, "సిస్టరమ్మా, కోసినంక పైన మళ్ల రాపిద్దాం, ఏమైతది" అన్నాను.

"నువ్వు నోరు ముయ్" అంది. చాచాతో, "అదొక్కటీ ఉండనీ" అంది. ఆ గొంతు నాకు తెలుసు. సారుతో మాట్లాడే గొంతు అది.

చాచాకు ప్రాణం లేచొచ్చింది. పేరు చెడకుండా లోపలి వైపు నుంచి అంచును సుత్తితో కాస్త పైకి కొట్టి, "మెల్లగ తిప్పుకో బేటా, తగలది" అని నాకు చెప్పాడు. ముగ్గురం ఏదో పుణ్యం చేసినట్టు టీ తాగి వచ్చాం. మూడు మడ్‌గార్డులు పైకి కోసి ఉన్నాయి, ఒకటి కిందికి వేలాడుతోంది, దాని మీద తెల్ల అక్షరాలు. చాచా పాపానికి భయపడ్డాడు, ఆమె ప్రేమకు లొంగింది. నేను నోరు మూసుకున్నాను.

ఆ టైర్లతో ఎండాకాలం అంతా బాగానే నడిచింది. ఎంతమందిని తెచ్చామో. కుడివైపు మలుపులో ఒక్కోసారి గర్రుమనేది, నేను మెల్లగా తిప్పుకునేవాణ్ణి.

మా తమ్ముడు క్వారీలో మందు కూరే పని చేసేవాడు. నేను వద్దన్నాను, వాడు వినలేదు, ఇద్దరం కొట్టుకున్నాం కూడా. ఆ రోజు పేలని మందు ఒక బెజ్జంలో ఉండిపోయింది. పేలిపోయిందనుకుని వాడు దాన్ని గెలికాడు.

మేం దవాఖానాలో ఉన్నాం. పేలుళ్ల వేళ కాని వేళ పేలింది. సిస్టరమ్మ చేతిలో సూది ఆగింది. నేను అది ఆగడం చూడ్డం అదే మొదటిసారి. ఒకామె గుండెలు బాదుకుంటూ పరిగెత్తుకొచ్చి, ఆమెతో కాదు, నాతో చెప్పింది, "మీ తమ్ముడు" అని.

గుంత దగ్గర వాడు వెల్లకిలా పడి ఉన్నాడు. కుడి చెయ్యి మణికట్టు కింద లేదు. ఉన్నంతవరకూ చేప పొలుసులా తోలు వేలాడుతోంది. నెత్తురు ఎగిరెగిరి పడుతోంది. సిస్టరమ్మ తన చీర కొంగు పళ్లతో చింపి, మోచేతి పైన కట్టి, మధ్యలో చెంచా పెట్టి మెలిపెట్టింది. వాడు కేక పెడితే రెండో చేత్తో వాడి చెంప మీద కొట్టింది. "కళ్లు మూశావంటే చంపుతాను. నా వైపు చూడు" అంది. వాడు చూశాడు.

అప్పుడు క్వారీ సూపర్‌వైజర్ మనుషులతో వచ్చి జీపుకు అడ్డం నిలబడ్డాడు. "అమ్మా, మీ తాన తీస్కపోతే పోలీస్ కేసయితది. మా లారీ వస్తాంది, మేం సూస్కుంటం. మీరు పొండి" అన్నాడు. లారీ లేదు, గీరీ లేదు. వాళ్ల లారీ వచ్చేది సాయంత్రానికి, శవం కోసం. సిస్టరమ్మ వాడి దగ్గరికి నడిచి, సిరంజీలు ఉడకబెట్టే స్టీలు డబ్బాతో వాడి దవడ మీద కొట్టింది. పన్ను ఊడిపడింది. వాడి మనిషి ఎవడో రాయి విసిరితే జీపు ముందద్దం మొత్తం నా ఒళ్లోకి రాలింది. నేను జాకీ రాడ్ పట్టుకుని దిగాను. ఎవడి మోకాలు పగిలిందో, ఎవడి వేళ్లు విరిగాయో నాకు తెలియదు, నాకు ఆ రోజు మనిషి కనిపించలేదు. కూలీలు సమ్మెటలు పట్టుకుని మా వెనక నిలబడ్డాక వాళ్లు తప్పుకున్నారు. తమ్ముణ్ణి వెనక పడుకోబెట్టాం. నలుగురు పట్టుకుని వేలాడారు. అద్దం లేని బండిలో, దుమ్ము కళ్లలో కొడుతుంటే, ఎక్కించాను రాళ్ల మీదికి.

గుంతలోంచి పైకి వచ్చే చివరి మలుపు కుడివైపుకు. పక్కన నిటారుగా బండ. మెల్లగా తిప్పుకునే తీరిక నాకు లేదు. కోసిన మూడు చక్రాలూ దాటాయి. కొయ్యని నాలుగోదాని అంచు, ఆ కిందికి వేలాడే అంచు, బండకు తగులుకుంది. రేకు మడతపడి టైరులోకి దిగింది. చక్రం బిగుసుకుంది. జీపు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. రబ్బరు కాలిన కంపు.

అందరూ దిగి నెట్టారు. వెనక్కి నెట్టారు. ఎంత కదిపితే రేకు అంత లోతుగా టైరును కోస్తోంది. పేలిందంటే అయిపోయింది, స్టెప్నీ చిన్నది, ఆ రాళ్లలో పనికిరాదు. వెనక తమ్ముడి పెదాలు తెల్లబడుతున్నాయి. ఒక కూలీ చేతిలోంచి సమ్మెట, ఇంకొకడి దగ్గర ఉలి లాక్కున్నాను. చక్రం దగ్గర మోకాళ్ల మీద కూలబడ్డాను. ఉలి పెట్టాల్సిన చోట సారు పేరు ఉంది. పెట్టాను. సమ్మెట ఎత్తాను.

నా చెయ్యి పట్టుకుంది. "ఉలి పట్టుకో. సమ్మెట నాకివ్వు" అంది.

"సిస్టరమ్మా, టైం లేదు."

"ఆయన నా మొగుడు. కొట్టేది నేను. నువ్వు కదిలావంటే నీ చెయ్యి కూడా పోద్ది."

నేను రెండు చేతులతో ఉలి పట్టుకున్నాను. సగం కొంగుతో, మోచేతుల దాకా మా తమ్ముడి నెత్తురుతో ఆమె నిలబడింది. యాభై దాటిన మనిషి సమ్మెటను నెత్తి మీదికి ఎత్తింది. ఆ క్షణంలో ఆమె నోటి నుంచి తిట్టు వస్తుందనుకున్నాను. రాలేదు.

"జరగండి" అంది. దెబ్బ పడింది. సారు ఇంటిపేరు చీలింది.

"కాస్త జరగండి." పేరు చీలింది. నా ముంజేతులు భుజాల దాకా అదిరాయి. "అబ్బాయి పడుకోవాలి. ఇంకాస్త జరగండి." పుట్టిన ఏడు పోయింది. పోయిన ఏడు పోయింది. ప్రతి దెబ్బకూ అదే మాట, అదే మెత్తని గొంతు, ఆ దెబ్బలు మాత్రం బండను పగలగొట్టే దెబ్బలు. తెల్ల పెయింటు పెళ్లలు లేచి నా మొహాన పడుతున్నాయి. నేను ఏడుస్తున్నాను. చుట్టూ నిలబడ్డ కూలీలు చేతులు కట్టుకున్నారు. చివరి దెబ్బకు ఆ వంపు రేకు మొత్తం ఊడి నా ఒళ్లో పడింది. టైరు గాలి పీల్చుకున్నట్టు విడిపడింది.

ఆమె సమ్మెట పారేసి, "ఏం చూస్తావు, తోలు" అంది.

పెద్ద దవాఖానా చేరేదాకా ఆ కోసిన టైరు నిలిచింది. తమ్ముడు బతికాడు. చెయ్యి పోయింది.

తరవాత చాచా కబురు విని తనే వచ్చాడు. చిరిగిన మడ్‌గార్డును తడిమి, "ఊరికెనే చేసిస్త అమ్మా. రేకు ఏసి, సార్ పేరు మంచిగ మళ్ల రాపిస్త" అన్నాడు.

"అంచు మడిచిపెట్టు చాలు. ఏమీ రాయించొద్దు" అంది. లవంగం ఇంకోవైపు బుగ్గకు మార్చుకుంది. నా వైపు తిరిగింది. "రేపు నేను పోయాక నా పేరు కూడా ఎక్కడా రాయించకండి. బండి మీదా వద్దు, గోడ మీదా వద్దు, రాయి మీదా వద్దు. పేరు రాస్తే దాన్ని కొయ్యడానికి ఎవడికీ చెయ్యి రాదు. ఎవడికో అడ్డమొస్తుంది."

సారు పేరున్న ఆ రేకు ముక్క నేను దాచి తెచ్చాను. ఇస్తే దండ వేసి గోడకు పెడుతుందనుకున్నాను. కడిగింది, తుడిచింది, రెండుగా మడిచి, ఊగుతున్న మందుల అలమారా కాలు కింద పెట్టింది. అలమారాను ఒకసారి ఊపి చూసి, "ఇంట్లో ఒక్క పని చేసి ఎరగరు ఈయన. ఇప్పుడైనా చెయ్యనీ" అంది. నేను నవ్వాను. ఆమె కూడా నవ్వి, లోపలికి పోయి, తలుపు వేసుకుని, చాలాసేపు రాలేదు.

మా తమ్ముణ్ణి దవాఖానాలోనే పనికి పెట్టుకుంది. ఎడమచేత్తో సీసాల మూతలు తియ్యడం, చీటీలు రాయడం నేర్పింది. రాకపోతే కొట్టేది. ఒంటిచేతివాడని జాలిపడి మెల్లగా కొడుతుందేమోనని వాడు మొదట్లో భయపడ్డాడు. మెల్లగా కొట్టలేదు. అందుకే బతికాను అన్నా, అంటాడు వాడు.

మొన్న సమాధుల తోటలో, సారు పక్కన గొయ్యి తవ్వించాం. నడుము లోతు కూడా దిగకముందే గడ్డపారలు ఠంగుమన్నాయి. బండ. తవ్వేవాళ్లు చెమట తుడుచుకుని, "ఇగ కాదు. గా మూలకు మంచి మట్టి ఉన్నది, గాడ పెడదాం" అన్నారు. చర్చి పెద్దలు కూడా ఎండ చూసి, సరే అన్నారు. నేను నోరు తెరిచేలోపల మా తమ్ముడు గొయ్యిలోకి దిగాడు. "సమ్మెట ఇయ్యుండ్రి" అన్నాడు. ఎవరూ కదల్లేదు. "ఇయ్యన్నా" అని నా వైపు చూశాడు. ఇచ్చాను.

ఉలి నేను పట్టుకుంటానని నేనూ దిగాను. బండ పగులు చూసి ఉలి నిలబెట్టాను. పైన సారు సమాధి రాయి మా తలల ఎత్తున ఉంది, దాని మీద ఆయన పేరు. పక్కన ఆమెకు రాయి ఉండదు, పేరు ఉండదు, మట్టికుప్పే. తమ్ముడు ఎడమచేత్తో సమ్మెట ఎత్తాడు. లేని కుడిచేతి మొండి ఊతం కోసం గాలిలో వెతికింది. ఆ రోజు వాడు స్పృహలోనే ఉన్నాడని, జీపులో పడుకుని అన్నీ విన్నాడని నాకు అప్పటిదాకా తెలియదు.

సారు రాయి వైపు తలెత్తి, "సార్, జర జరుగుండ్రి" అన్నాడు. కొట్టాడు.